పాత బేస్ యాంటెన్నా దొరికితే చాలా? – హ్యామ్ ప్రశ్నలు, జవాబులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. అందరూ అడిగింది ఇంచుమించు ఒకటే: కంపెనీ తయారీ ఆపేసిన బేస్ స్టేషన్ యాంటెన్నా ఎక్కడ దొరుకుతుంది, దొరికింది పనికొస్తుందా అని. కింద ఇచ్చిన కొలతలన్నీ మన దేశంలో హ్యామ్‌లకు (లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియోలో మాట్లాడేవారికి) కేటాయించిన 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండుకు, అంటే నడిమధ్య 145కు లెక్కగట్టినవి.

ప్రశ్న: కుష్‌క్రాఫ్ట్ రింగో రేంజర్, ఏఆర్‌ఎక్స్-2బీ మోడల్, కొత్తది ఎక్కడా దొరకడం లేదు. కంపెనీ మూతబడిందంటున్నారు, నిజమేనా? పాతది కొనాలంటే ఏం చూడాలి?
– దర్గామిట్ట, నెల్లూరు

జవాబు: కుష్‌క్రాఫ్ట్, హై-గెయిన్ రెండూ అమెరికాలోని ఎంఎఫ్‌జే సంస్థ చేతిలో ఉన్న పేర్లు. 1972లో మొదలైన ఆ సంస్థ 2024 మే 17తో స్టార్క్‌విల్‌లోని సొంత ఫ్యాక్టరీలో తయారీ ఆపేసింది. నిల్వ ఉన్న సరుకు అమ్ముతామని అప్పట్లో చెప్పింది గానీ, దుకాణంలో అయిపోయిన మోడల్ మళ్లీ వస్తుందని కూర్చోకండి. మీకు దొరికేది పాతదే.

వెతికేటప్పుడు మోడల్ పేరు మొత్తం కొట్టి ఊరుకుంటే ఏమీ కనబడదు. అమ్మేవాళ్లలో చాలామందికి తమ దగ్గరున్నదేమిటో తెలియదు. ‘వీహెచ్‌ఎఫ్ వర్టికల్’ అనో, ‘పాత వైర్‌లెస్ రాడ్డు’ అనో పెట్టేస్తారు. ఆ మాటలతో వెతికి, ఫొటోలో అడుగున గుండ్రటి రింగు ఉందేమో చూడండి. ఏఆర్-2, ఏఆర్‌ఎక్స్-2 అనే పాత పేర్లతో కూడా వెతకండి. అయితే ఏఆర్-2 ఒక్క అంతస్తుదే, ఏఆర్‌ఎక్స్‌లోనే పైన రెండో అంతస్తు ఉంటుంది. రెంటికీ ఒకే ధర చెబితే ఒప్పుకోవద్దు.

మన చుట్టుపక్కల దొరికే దారులు ఇవి. ఏటా ఒక్కో ఊళ్లో జరిగే హ్యామ్‌ఫెస్ట్ ఇండియాలో పాత సామాన్ల బల్లలు. చెన్నై, హైదరాబాద్ క్లబ్బుల వాట్సాప్ గుంపులు. కాలం చేసిన హ్యామ్‌ల ఇళ్లు, వీళ్లనే మనవాళ్లు సైలెంట్ కీ అంటారు. ఆ ఇంటివాళ్లకు మిద్దె మీద ఉన్న రాడ్డు విలువ తెలియకపోవచ్చు, దాన్ని దించే మనిషీ దొరక్కపోవచ్చు. మనమే దించి, న్యాయమైన ధర ఇచ్చి తెచ్చుకోవడం మర్యాద. ఇక ప్రభుత్వ శాఖల పాత సామాను ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ఈ-వేలంలోనూ, రైల్వేది దాని సొంత ఆన్‌లైన్ వేదిక ఐఆర్‌ఈపీఎస్ వేలంలోనూ వస్తుంది. కానీ అక్కడ లాట్ మొత్తం పాడుకోవాలి, ఒక్క యాంటెన్నా ఇవ్వరు. అందుకని లాట్ పాడుకున్న స్క్రాప్ వ్యాపారిని పట్టుకోవడం తేలిక. ఒక జాగ్రత్త: ఆ లాట్‌లో వచ్చే సెట్లు లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోకూడదు. యాంటెన్నా వరకే తీసుకోండి.

రింగో కొనేటప్పుడు అల్యూమినియం గొట్టాల సంగతి వదిలేయండి. వంగినా, ఒకటి పోయినా ఫ్యాబ్రికేషన్ షాపులో అదే మందం గొట్టం తూకానికి దొరుకుతుంది. చూడాల్సినవి మూడు. అడుగున రింగు, దాని మీద కేబుల్ కలిసే కొక్కెం. రింగు దగ్గర గొట్టాన్ని వేరుచేసే ఇన్సులేటరు: ఎండకు పెళుసై పగుళ్లిస్తుంది, పగుల్లో నీరు, ఉప్పు చేరితే ట్రాన్స్‌మిట్ చేసినప్పుడు అక్కడే మాడుతుంది. మూడోది రెండంతస్తుల మధ్య ఉండి, వాటి అలలను ఒకే తాళంలో కలిపే ఫేజింగ్ ముక్క. ఈ మూడింట్లో ఏది లేకపోయినా అది గొట్టాల ధరకు వస్తేనే తీసుకోండి.

రెండంతస్తుల కొలీనియర్ (కడ్డీలను ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన రింగో లాంటి యాంటెన్నా) ఎంత గొప్పగా రాసుకున్నా ఆచరణలో మామూలు డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించిన రెండు కడ్డీల యాంటెన్నా) కన్నా ఇచ్చేది 3 డెసిబెల్స్ చుట్టుపక్కలే. సెట్టులో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు మీద అది అర గీత. బల్లపరుపు నేల మీద యాంటెన్నా ఎత్తు 6 మీటర్ల నుంచి 12 మీటర్లకు పెంచితే వచ్చేది 6 డెసిబెల్స్. కాబట్టి రింగో దొరికేదాకా సెట్టు అటక మీద పెట్టొద్దు. అర అంగుళం రాగి పైపుతో జె-పోల్ (ఇంగ్లిషు జె ఆకారపు యాంటెన్నా) ఒక పూటలో అవుతుంది: పొడవు కడ్డీ 148 సెం.మీ., పొట్టి కడ్డీ 49.5 సెం.మీ., రెంటి మధ్య ఎడం 5 సెం.మీ., రెంటినీ అడుగున అడ్డ ముక్కతో కలపాలి. కేబుల్ లోపలి తీగ పొడవు కడ్డీకి, పైజాలి పొట్టి కడ్డీకి, అడ్డ ముక్క నుంచి 5 సెం.మీ. పైన క్లిప్పులతో తగిలించి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగే పవర్‌ను చెప్పే కొలత, 1 అయితే ఏమీ తిరగనట్టు) కనిష్ఠమయ్యేదాకా రెండు క్లిప్పులూ కలిపి మిల్లీమీటర్ల లెక్కన పైకీ కిందికీ జరపండి. ఆ చోటే టంకం వేయండి. దాని కిందే కేబుల్‌ను అరచేతి వెడల్పున నాలుగైదు చుట్లు చుట్టి కట్టేయాలి. ఆ చుట్లు లేకపోతే కేబుల్ కూడా యాంటెన్నాలా పనిచేసి, కేబుల్ కదిపినప్పుడల్లా కొలత మారిపోతుంది.

ప్రశ్న: ఒంగోలు పాత ఇనుము కొట్టులో నాలుగు మడత డైపోల్‌లున్న పొడవాటి యాంటెన్నా దొరికింది. లేబుల్ మీద డీబీ-224 వరకు కనబడుతోంది, తర్వాతి అక్షరం చెరిగిపోయింది. 145లో పనిచేస్తుందా?
– ఒంగోలు

జవాబు: చెరిగిన ఆ ఒక్క అక్షరమే అసలు సంగతి. డీబీ-224-ఇ అయితే 138–150 మెగాహెర్ట్జ్‌కు చేసింది, మన బ్యాండు సరిగ్గా నడుమ పడుతుంది. మీకు లాటరీ తగిలినట్టే. ఏ అయితే 150–160, బీ అయితే 155–165, సీ అయితే ఇంకా పైన. లేబుల్‌లో ఈ అక్షరం వెనక ఉన్న సంస్థ పేరు చూసి కంగారుపడొద్దు. డెసిబెల్ ప్రొడక్ట్స్ పేరుతో మొదలై, ఆండ్రూ, కామ్‌స్కోప్ చేతులకు మారింది. వస్తువు ఒకటే.

అక్షరం తెలియనప్పుడు నానోవీఎన్‌ఏ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతో గీత గీసి చూపే చిన్న మీటరు) చెబుతుంది. యాంటెన్నాను మిద్దె మీద పడుకోబెట్టి కొలవకండి, కాంక్రీటు లోపలి ఊచలు లెక్క తప్పిస్తాయి. నిలువుగా, గోడలకు రెండు మీటర్లు ఎడంగా నిలబెట్టి 135 నుంచి 175 వరకు స్వీప్ చేయండి. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 కన్నా కిందికి దిగే పట్టీ ఎక్కడుందో అదే దాని బ్యాండు. 150–160లో దిగి, 145 దగ్గర 2 దాటుతుంటే అది ఏ రకం. దాన్ని కోసి అతికి 145కు తెద్దామని దిగకండి. మడత డైపోల్‌ల చివర్లు అతికినవి, ఫేజింగ్ హార్నెస్ (నాలుగింటికీ సిగ్నల్ పంచే కేబుళ్ల కట్ట) కొలతలూ 155కు కట్టినవే. నాలుగు డైపోల్‌లు పొడిగించినా హార్నెస్ తన మాటే వింటుంది. అయితే ఈ యాంటెన్నాలో నాలుగు డైపోల్‌లకూ కేబుల్ సమాన దూరంలో చీలి వెళుతుంది కాబట్టి, ఫ్రీక్వెన్సీ కాస్త తప్పినా కిరణం పైకో కిందికో వాలదు. ఒకదాని మీద ఒకటిగా కింది నుంచి ఫీడ్ చేసే కొలీనియర్‌లకు ఆ సుఖం లేదు. వాటిని డిజైన్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో వాడితే కిరణం నేల వైపు వాలుతుంది, ఎస్‌డబ్ల్యూఆర్ బాగున్నా దూరం పోదు.

నాలుగింట్లో చచ్చిందేదో కనిపెట్టడానికి ఒక తేలిక పద్ధతి. మీటరులో గీత కదలకుండా ఉన్నప్పుడు, పొడి కర్ర చివర ఒక అడుగు పొడవు ఇనుప చువ్వ కట్టి ఒక్కో డైపోల్ దగ్గరికి తీసుకెళ్లండి. బతికున్న డైపోల్ దగ్గర గీత ఊగుతుంది. ఒకచోట ఊగకపోతే ఆ కొమ్మ హార్నెస్‌లో తెగింది. తెగడం ఎప్పుడూ అచ్చుపోసిన నల్ల జాయింటులోకి నీరు దిగే చోటే. హార్నెస్ బయటివైపు ఉబ్బిందా, నొక్కితే మెత్తగా ఉందా చూడండి. హార్నెస్ పోయిన డీబీ-224కి ఇనుము ధరకు మించి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అంతా బాగుంటే మాత్రం, ఆరున్నర మీటర్ల పొడవున్న ఈ యాంటెన్నా ఇప్పుడొచ్చే సన్నటి ఫైబర్ రాడ్లకన్నా పదిరెట్లు మొండిది.

ఒంగోలుకు ఇంకో లాభం. డైపోల్‌లను గొట్టం చుట్టూ నాలుగు దిక్కులకు తిప్పితే ఒక్క డైపోల్ కన్నా 6 డెసిబెల్స్ ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు తిప్పితే ఆ పక్క 9. తూర్పున ఉన్నది సముద్రం. చేపలతో మాట్లాడేది లేదు గదా, నాలుగూ పడమటికి తిప్పితే పొదిలి, కనిగిరి వైపు ఆ మేరకు ఎక్కువ పోతుంది.

ప్రశ్న: కొన్న పాత ఫైబర్‌గ్లాస్ యాంటెన్నాను మల్టీమీటరుతో చూస్తే కనెక్టరు లోపలి పిన్నుకూ బయటి మర దారానికీ షార్ట్ చూపిస్తోంది. మోసపోయానా?
– కావలి

జవాబు: చాలావరకు మోసపోలేదు. డైమండ్ ఎక్స్-50, ఎక్స్-200, ఎక్స్-510 లాంటివన్నీ మీటరుకు షార్ట్‌గానే కనిపిస్తాయి, రింగో కూడా అంతే. గాలికి, మేఘాలకు రాడ్డు మీద పేరుకునే స్థిర విద్యుత్తు నేలలోకి పోవడానికి అడుగున చిన్న కాయిల్ అడ్డంగా పెడతారు. మీటరు బ్యాటరీకి అది తీగముక్క, 145 మెగాహెర్ట్జ్‌కు అది అడ్డుగోడ. కాబట్టి ఈ రకాల్లో షార్ట్ చూపించకపోతేనే అనుమానపడాలి, అడుగు కాయిల్ తెగిందన్నమాట.

మల్టీమీటరుతో తేలేది అంతవరకే. బాగోగులు నానోవీఎన్‌ఏతోనే చూడాలి. కేబుల్ చివరన ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు సరిచూసే ముక్కలూ ఒక్కొక్కటిగా పెట్టి కాలిబ్రేట్ చేసి, తర్వాతే యాంటెన్నా తగిలించండి. కొలుస్తుండగా రాడ్డును నెమ్మదిగా ఊపండి, మధ్యలో కీలు దగ్గర వేలితో తట్టండి. గీత ఎగిరిపడితే లోపల టంకం విడిచింది. ఈ రాడ్లకు ఇదే మామూలు జబ్బు: లోపలి ఇత్తడి కడ్డీ, ఫేజింగ్ కాయిల్ కలిసే చోట, గాలికి ఏళ్ల తరబడి ఊగి ఊగి టంకం చిట్లుతుంది. అడుగున ఉన్న స్క్రూలు తీసి కడ్డీని కిందికి లాగితే బయటికొస్తుంది. పాత టంకం పూర్తిగా తీసేసి, రెండు కొసలూ ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి కొత్తగా వేయండి. 25 వాట్ల ఐరన్ ఇత్తడిని వేడెక్కించలేదు, కనీసం 60 వాట్లది కావాలి. కాయిల్ చుట్లను మాత్రం వేలితో కూడా నొక్కొద్దు. చుట్ల మధ్య ఎడం మారితే ఫేజు మారుతుంది.

మూసేటప్పుడు ఒక్క తప్పు చేయకండి. అడుగున చిన్న రంధ్రాలుంటాయి, వాన నీరు రాకుండా అని వాటిని సిలికాన్‌తో పూడ్చేస్తారు. అవి నీరు రావడానికి కాదు, పోవడానికి. రాత్రి చలికి లోపల పట్టే తేమ అవి మూస్తే బయటికి పోక కాయిల్‌కు చిలుము పట్టిస్తుంది. పైకీళ్లకు వాడే సిలికాన్ కూడా వెనిగర్ వాసన వచ్చేది వద్దు, ఆ ఆమ్లం రాగిని తింటుంది. న్యూట్రల్ అని రాసున్నది తీసుకోండి.

ప్రశ్న: పాత యాంటెన్నా తగిలిస్తే కింద సెట్టు దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.9. పరవాలేదనిపించింది. కానీ పది కిలోమీటర్లు కూడా పోవడం లేదు. కేబుల్ ఆర్‌జీ-58, పాతిక మీటర్లు.
– కందుకూరు

జవాబు: యాంటెన్నా విప్పేసి, కేబుల్ పైకొస ఖాళీగా వదిలి మళ్లీ కొలవండి. అప్పుడూ 1.9 దగ్గరే చూపించే అవకాశం ఎక్కువ.

ఎందుకంటే 145 దగ్గర ఆర్‌జీ-58 వంద మీటర్లకు దాదాపు 20 డెసిబెల్స్ తింటుంది. మీ పాతిక మీటర్లకు 5. పైన యాంటెన్నా తెగిపోయి పవర్ అంతా వెనక్కి తిరిగినా, పోతూ 5, వస్తూ 5 కలిసి మీటరు దగ్గరికి వచ్చేది పదో వంతే. పంపినదానికన్నా వెనక్కి వచ్చింది 10 డెసిబెల్స్ తక్కువైతే (దీన్నే రిటర్న్ లాస్ అంటారు) ఎస్‌డబ్ల్యూఆర్ లెక్కలో అది 1.92. యాంటెన్నా లేకపోయినా మీ మీటరు ‘పరవాలేదు’ అనే చెబుతుంది. చెడ్డ కేబుల్ అబద్ధాలాడి చెడ్డ యాంటెన్నాను కాపాడుతుంది. పాత సామాను కొన్నప్పుడు కొలత యాంటెన్నా దగ్గరే, మీటరు పొడవు కేబుల్‌తో తీయాలనేది అందుకే.

యాంటెన్నా బాగున్నా సరే ఈ కేబుల్‌తో 25 వాట్లు పంపితే పైకి చేరేది 8 వాట్లు. అదే పాతిక మీటర్లు ఆర్‌జీ-213 వేస్తే రెండు డెసిబెల్స్ చిల్లర పోతుంది, 15 వాట్లు చేరుతుంది. ఎల్‌ఎంఆర్-400 అయితే 1.2 పోయి 19 చేరుతుంది. రావడానికీ ఇదే నష్టం. డబ్బు కొంతే ఉంటే మాత్రం ముందు కేబుల్‌కే పెట్టండి, యాంటెన్నా తర్వాత. స్క్రాప్‌లో పాత కేబుల్ వస్తే ఒక కొస అడుగు కోసి పైజాలి చూడండి. మెరిసే రాగి కాకుండా గోధుమ రంగుకో నల్లగానో తిరిగి ఉంటే నీరు తాగింది. నీరు తాగిన కేబుల్‌ను ఎండలో ఆరబెడితే బాగుపడదు.

ప్రశ్న: మాకు తీరం మూడు కిలోమీటర్లు. డైమండ్ ఎక్స్-510 పాతది ఒకటి మంచి ధరకు వస్తోంది. మిద్దె మీద పన్నెండు మీటర్ల పైపు పెట్టి దాని పైన ఎక్కించాలని ఉంది. గాలికి ఆగుతుందా?
– కొత్తపట్నం మండలం

జవాబు: ఆగదు. ఎక్స్-510 మంచి యాంటెన్నా, 144, 430 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో వరసగా 8.3, 11.7 డెసిబెల్స్ గెయిన్ అని రాసుకుంటుంది. (ఆ అంకెల్లోంచి 2.15 తీసేస్తే డైపోల్‌తో పోలిక వస్తుంది, అమ్మేవాళ్లు చెప్పరు.) కానీ పొడవు 5.2 మీటర్లు, కంపెనీ ఇచ్చిన గాలి హద్దు సెకనుకు 40 మీటర్లు. మన కట్టడాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం నెల్లూరుకు చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను గాలి దెబ్బలు గంటకు 110 దగ్గర ఆగాయి కాబట్టి చాలా రాడ్లు బతికాయి. ప్రతిసారీ అంతటితో ఆగుతుందనుకోవద్దు.

లెక్క వేసి చూద్దాం. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 1530 న్యూటన్ల ఒత్తిడి. 5.2 మీటర్ల రాడ్డు సగటున 3.5 సెం.మీ. మందం అనుకుంటే 0.18 చదరపు మీటర్లు. గుండ్రటి రాడ్డుకు 1.2 గుణకం వేస్తే తోపుడు దాదాపు 34 కిలోలు. అది రాడ్డు మధ్యలో, అంటే అడుగు నుంచి 2.6 మీటర్ల ఎత్తున నెడుతుంది. ఒకటిన్నర అంగుళం మీడియం జీఐ పైపు ఆ వంపుకే దాదాపు తన హద్దు దగ్గరికి వచ్చేస్తుంది, పై స్టే వైరుకు పైన ఇంకో మీటరు పైపు వదిలితే వంగే తీరుతుంది. అదే ఎక్స్-50 తీసుకోండి: పొడవు 1.7 మీటర్లు, గాలి హద్దు 60. తోపుడు 11 కిలోలు. పొడవు మూడో వంతుకు దిగితే తోపుడు మూడో వంతే, కానీ అడుగున వంపు తొమ్మిదో వంతుకు దిగుతుంది. గెయిన్‌లో పోయేది 3.8 డెసిబెల్స్. అది కూడా 144లో చెప్పేది.

మీకు మా సలహా ఎక్స్-50 గానీ, కామెట్ జీపీ-3 గానీ, రెండూ ఇంచుమించు ఒకే పొడవు, ఒకే పని. పాతది దొరక్కపోయినా ఈ సైజు కొత్తవి వస్తూనే ఉన్నాయి. ఎక్స్-200 రెండున్నర మీటర్లు, అక్కడిదాకా సరే. పోయిన డెసిబెల్స్‌ను మంచి కేబుల్‌తో రాబట్టుకోండి.

పైపు ఎత్తు పన్నెండు అన్నారు, తొమ్మిది చాలు. కనుచూపు దూరం కిలోమీటర్లలో 4.12ను ఎత్తు వర్గమూలంతో గుణిస్తే వస్తుంది. మిద్దె ఎత్తు మూడున్నర కలుపుకుంటే తొమ్మిది మీటర్ల పైపుకు 14.6 కిలోమీటర్లు, పన్నెండుకు 16.2. అవతలివారి దూరం దీనికి కలుస్తుంది. ఒకటిన్నర కిలోమీటరు కోసం స్టే వైర్ల ఇంకో వరస అవసరమా? తొమ్మిది మీటర్లకు రెండు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో 120 డిగ్రీల ఎడంగా మూడేసి వైర్లు కట్టాలి. కొక్కేలు పైపు మొదలు నుంచి కనీసం ఎత్తులో అరవై శాతం దూరంలో ఉండాలి. మిద్దె అంత వెడల్పు లేకపోతే పైపు పొట్టిది చేసుకోవాలిగానీ, వైర్లు నిటారుగా కట్టకూడదు. 4 మి.మీ. మెలిక జీఐ వైరు, టర్న్‌బకిల్స్ వాడండి. నైలాన్ తాడు ఎండకు రెండేళ్లలో పిండవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పైపు అడుగున బిజాగిరి పెట్టి వాల్చేలా కట్టుకోండి. కృష్ణపట్నం రేవులో తుపాను ప్రమాద సంకేతం ఎగిరినప్పుడు ఇద్దరు మనుషులు పావుగంటలో దించేయగలగాలి. దించే పక్క కరెంటు తీగలు పైపు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండి తీరాలి. ఇందులో బేరం లేదు. పిడుగుకు పైపు అడుగు నుంచి విడిగా మందపు తీగ నేరుగా ఎర్త్ గుంటకు దిగాలి. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట గ్యాస్ ట్యూబు అరెస్టరు (పిడుగు కరెంటును ఎర్త్‌కు మళ్లించేది) పెట్టి దాన్నీ అదే ఎర్త్‌కు కలపండి. ఉరుములు మొదలైతే కేబుల్ విప్పేసి బయట పడేయడమే అన్నిటికన్నా నమ్మకం.

ప్రశ్న: బోట్ల మీద వాడి తీసేసిన తెల్లటి మెరైన్ వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాలు చవకగా వస్తున్నాయి. హ్యామ్‌కు పనికొస్తాయా?
– ముత్తుకూరు

జవాబు: అవి 156–162 మెగాహెర్ట్జ్‌కు చేసినవి. లోపలి భాగాన్ని రెజిన్‌తో పోసి మూసేస్తారు, విప్పి పొడిగించడం కుదరదు. 145 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 3కు పైన ఉంటే సెట్టు పవర్ తగ్గించుకుంటుంది, లేదా ఫైనల్ ట్రాన్సిస్టరు పోతుంది. వినడానికైతే బాగానే పనిచేస్తాయి. చవక అని రెండు కొనకండి. వాటి అడుగున ఉండే స్టెయిన్‌లెస్ మడత బిగింపు మాత్రం మంచి సరుకు, యాంటెన్నా పారేసి అది ఉంచుకోవచ్చు. హ్యామ్ లైసెన్సుతో మెరైన్ బ్యాండులో మాట్లాడకూడదని మీకు తెలిసే ఉంటుంది. 156.8 మెగాహెర్ట్జ్, అంటే ఛానల్ 16, ప్రమాదంలో ఉన్న బోటు పిలిచే చోటు.

ప్రశ్న: ఇరవై ఏళ్ల నాటి ఫైబర్ రాడ్డు పట్టుకుంటే చేతులకు నూగు గుచ్చుకుని దురద పెడుతోంది. పెయింట్ వేయొచ్చా?
– ఉదయగిరి

జవాబు: వేయాలి. ఎండకు పైపూత పోయి లోపలి గాజునూలు తేలింది, ఇక దాంట్లోంచి వాన నీరు ఇంకుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు కట్టుకుని 320 నంబరు నీటి ఎమరీతో తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు రోజులు నీడన ఆరాక రెండు భాగాలు కలిపి వేసే పాలీయురెథేన్ పూత పలచగా రెండు సార్లు వేయండి. తెలుపు, బూడిద రంగు ఏదైనా ఫర్వాలేదు, వెండి రంగు మాత్రం వద్దు. దాంట్లో ఉండేది అల్యూమినియం పొడి, యాంటెన్నాకు రేకు చుట్టినట్టవుతుంది. ఎప్పోక్సీ పూత ఒక్కదాంతో ఆపేస్తే ఉదయగిరి ఎండకు ఏడాదిలో సున్నంలా రాలుతుంది.

ప్రశ్న: విదేశంలో ఒకాయన పాత యాంటెన్నా అమ్ముతానంటున్నారు. తెప్పించుకోవచ్చా?
– పొదిలి

జవాబు: ముందు అది ఎన్ని ముక్కలుగా విడుతుందో అడగండి. ఖర్చు తేలేది అక్కడే. ఎక్స్-50 ఒకే ముక్క, 1.7 మీటర్లు. ఎక్స్-300 పొడవు 3.1 మీటర్లయినా రెండు ముక్కలు. పార్సిల్ పొడవు పెరిగేకొద్దీ రవాణా ఛార్జీ యాంటెన్నా ధరను మించిపోతుంది, దాని మీద కస్టమ్స్ సుంకం కూడా రవాణా కలిపే వేస్తారు. రసీదులో ‘రేడియో పరికరం’ అని రాయించొద్దు, ‘యాంటెన్నా, ట్రాన్స్‌మిటర్ లేదు’ అని ఉండాలి. రేడియో సెట్టు దిగుమతికి అనుమతి వేరే, ఆ అనుమానంతో పార్సిల్ ఆగిపోతే మీ లైసెన్సు కాపీ చూపించాల్సి వస్తుంది.

డబ్బు పంపే ముందు నాలుగు ఫొటోలు అడగండి: మోడల్ లేబుల్, అడుగు కనెక్టరు లోపలి పిన్ను, కీళ్ల దగ్గర దారాలు, చిల్లర సామాను పోసిన సంచి. రేడియల్స్ (అడుగున పక్కలకు చాచి ఉండే చువ్వలు), కీలు స్క్రూలు, యూ-క్లాంపులు లేకుండా అమ్మేవాళ్లు చాలామంది. నానోవీఎన్‌ఏ తెర ఫొటో కూడా అడగండి. ఇవ్వనంటే మానేయండి.

ప్రశ్న: పాత గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నాకు నాలుగు రేడియల్స్‌లో రెండు విరిగాయి. కొత్తవి ఎంత పొడవు?
– సింగరాయకొండ

జవాబు: 145కు మధ్య కడ్డీ 49 సెం.మీ. ఉంటే రేడియల్స్ 52 సెం.మీ. రెండే కాదు, నాలుగూ ఒకే లోహంతో మార్చండి. స్టెయిన్‌లెస్ చువ్వ మంచిది. పాత అల్యూమినియం దిమ్మెలో రాగి చువ్వ బిగిస్తే మీ ఉప్పు గాలికి ఆరు నెలల్లో దారాలు బూడిదైపోతాయి. స్టెయిన్‌లెస్ అయినా మరలకు పెట్రోలియం జెల్లీ రాసి బిగించండి. రేడియల్స్ అడ్డంగా కాకుండా 45 డిగ్రీలు కిందికి వంచితే ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 లోపుకు దిగుతుంది. దిగకపోతే మధ్య కడ్డీని రెండు మిల్లీమీటర్ల లెక్కన కోయండి. ఎక్కువ కోసేస్తే మళ్లీ కొత్త చువ్వ తప్పదు కాబట్టి, మొదట 51 సెం.మీ. పెట్టుకుని మొదలుపెట్టడం మేలు.